కొండదారి పరుగులో నిదానం: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో గమన నియంత్రణ

వ్యాససంగ్రహం

చదును నేల మీద పరుగుకు గడియారమే కొలమానం. ఎగుడుదిగుడు అటవీ మార్గంలో ఆ కొలమానం పరుగరిని తప్పుదారి పట్టిస్తుంది. కొండదారి పోటీలో సమంగా నిలుపుకోవలసింది వేగాన్ని కాదు, శ్రమను అన్న సూత్రాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు శరీరం చేసే వ్యయం, నడకకున్న స్థానం, దూరాన్ని అంచెలుగా విభజించే పద్ధతి, ఎండ, నీరు, ఆహారం, పోటీ విరమణ అనే అంశాలను ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో పరిశీలిస్తుంది. తెలుగులో ‘నిదానం’ అనే పదానికున్న రెండు అర్థాలు ఈ విద్యను అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడతాయో సూచిస్తుంది.

కీలకపదాలు: కొండదారి పరుగు, గమన నియంత్రణ, శ్రమ, వాలు, నిదానం, అంచె, భద్రాచలం ఏజెన్సీ.

1. ఉపోద్ఘాతం

తెలంగాణలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి పోటీపడే అభ్యర్థి రాతపరీక్షతో పాటు నడక పరీక్షలోనూ నెగ్గాలి. పురుష అభ్యర్థులు 25 కిలోమీటర్ల దూరాన్ని 4 గంటల్లో పూర్తి చేయాలి. మహిళలకు దూరం కొంత తక్కువ. లెక్క వేస్తే ఒక్కో కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు పడుతుంది. ఇది పరుగు కాదు, అలాగని మామూలు నడకా కాదు. మొదటి గంటలో ఉత్సాహంతో దూసుకుపోయినవారు మూడో గంటలో పిక్కలు పట్టేసి దారి పక్కన కూలబడతారు. మొదటి నుంచీ ఒకే తీరున సాగినవారు వారిని దాటుకుంటూ వెళతారు.

ఈ తేడాకు ఒక్కోసారి ప్రాణాలే మూల్యమవుతాయి. 2024 మే నెలలో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌లో ఇటువంటి 25 కిలోమీటర్ల నడక పరీక్షలోనే ఒక అభ్యర్థి మరణించాడు. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాల కోసం 10 కిలోమీటర్ల పరుగు పరీక్ష నిర్వహించారు. పురుషులకు ఇచ్చిన గడువు 60 నిమిషాలు. ఆ పరీక్షల సందర్భంగా పదిమందికి పైగా యువకులు చనిపోయారు. ఇటువంటి మరణాలకు ఎండ, ఏర్పాట్ల లోపం, ముందుగా తెలియని ఆరోగ్య సమస్యలు వంటి కారణాలు అనేకం ఉండవచ్చు. అయితే నెలల తరబడి పుస్తకాలతో కుస్తీపట్టిన యువతకు దూరాన్ని ఎలా పంచుకోవాలో నేర్పే ఏర్పాటు మన విద్యాసంస్థల్లో తక్కువగా ఉన్నదన్నది గమనించదగిన విషయం.

నియామక పరీక్షలు సాధారణంగా చదునైన దారిలో జరుగుతాయి. కొండదారి పోటీ ఇంకా కఠినమైనది. అక్కడ దూరంతో పాటు ఎత్తు, రాయి, వేరు, వాగు, మలుపు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుచేత కొండదారిలో గమన నియంత్రణ నేర్చినవారికి చదును దారి సులభమవుతుంది. ఆ నియంత్రణ స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేల, దారి, మనిషి

ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల మధ్య సరిహద్దు పాలనాపరంగా పలుమార్లు మారింది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మంలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అవతరించింది. గీతలు ఎన్నిమార్లు మారినా అడవిలోని కాలిబాటలు మాత్రం గూడేలను, వాగులను, సంతలను కలుపుతూనే ఉన్నాయి.

గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు. చుట్టూ ఉన్న గుట్టలు హిమాలయాల వంటివి కావు. గాలిలో ప్రాణవాయువు తగ్గే సమస్య ఇక్కడ ఉండదు. ఇక్కడి కష్టం వేరు. ఒక గుట్ట ఎక్కి దిగగానే మరొక గుట్ట ఎదురవుతుంది. దారిలో కంకర రాళ్ళు, ఎండిన టేకు ఆకులు, వెదురు పొదలు, వాగుల ఇసుక మారిమారి వస్తాయి. సుమారు 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం, చర్ల వైపు తాలిపేరు వాగు పరిసరాలు, దక్షిణాన కనకగిరి గుట్టలు ఈ రకమైన నేలకు ఉదాహరణలు. ఒక్కో ఎత్తు చిన్నదే. అన్నిటినీ కూడితే మాత్రం అది పెద్ద కొండతో సమానం.

ఈ నేల మీద కోయలు మొదలైన ఆదివాసుల నడక తరతరాల అనుభవం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరడానికి, ఆ తరువాత తునికాకు కోయడానికి తెల్లవారకముందే అడవిలోకి వెళ్ళి, ఎండ ముదిరేలోగా మోపుతో తిరిగి రావాలి. కావడి మోసేవారు పెద్ద అంగలు వేయరు. కావడిబద్ద ఊగే లయకు తగ్గట్టు చిన్న అడుగులు వేగంగా వేస్తారు. పెద్ద అంగ వేస్తే బద్ద ఎదురుతన్నుతుంది, భుజం నొస్తుంది.

రహదారి లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను డోలీలో మోసుకురావలసిన దుస్థితి ఏజెన్సీలో నేటికీ కనబడుతున్నది. డోలీ మోసేవారికి గమ్యం ఆసుపత్రి లేదా అంబులెన్సు ఆగే చోటు. వారు మొదటి గుట్ట మీదే అలిసిపోతే గమ్యం చేరలేరు. మరీ మెల్లగా వెళితే చేరినా ఫలితం ఉండకపోవచ్చు. అందుకే భుజాలు మార్చుకుంటూ, ఎక్కేచోట అడుగు తగ్గించి, చదునులో అందుకుంటూ సాగుతారు. క్రీడాశాస్త్రం గమన నియంత్రణ అని పిలిచే విద్య ఇక్కడ క్రీడ కాదు, అవసరం. ఆ అవసరం లేకుండా చేసే బాధ్యత రహదారిది, ప్రభుత్వానిది. అయితే ఆ నడకలోని మెలకువను గుర్తించడం విద్యాలోకం చేయవలసిన పని.

3. ఎగుడు: ఎత్తుకు వెల కట్టడం

ఎక్కేవాలులో శరీరం రెండు పనులు చేస్తుంది. ముందుకు కదలడం ఒకటి, తన బరువును పైకెత్తడం రెండవది. రెండవదానికి సులభమైన లెక్క ఉంది. 60 కిలోల బరువున్న మనిషి 300 మీటర్ల ఎత్తు ఎక్కితే భూమ్యాకర్షణకు ఎదురుగా చేసిన పని సుమారు 1,76,000 జౌళ్ళు, అంటే 42 కిలోకేలరీలు. కండరాలు తాము ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మార్చగలవు. మిగిలినది వేడిగా పోతుంది. అందుచేత ఆ ఎత్తుకు అసలు ఖర్చు సుమారు 168 కిలోకేలరీలు. చదును నేల మీద పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు 1 కిలోకేలరీ అవసరం. ఆ లెక్కన 60 కిలోల మనిషికి 300 మీటర్ల ఎత్తు దాదాపు 2.8 కిలోమీటర్ల అదనపు పరుగుతో సమానం.

ఇదే విషయాన్ని స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో అనుభవం మీద సూత్రీకరించాడు. ప్రతి 3 మైళ్ళకు ఒక గంట, ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరొక గంట అన్నది అతని నియమం. అంటే 610 మీటర్ల ఎత్తు 4.8 కిలోమీటర్ల దూరంతో సమానం. 100 మీటర్ల ఎత్తుకు దాదాపు 800 మీటర్లు. పైన చేసిన శక్తి లెక్కకు ఇది దగ్గరగానే ఉన్నది.

ఇటలీకి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్బెర్తో మినెట్టి బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ఈ వ్యయాన్ని వాలుల వారీగా కొలిచింది. చదును పరుగులో కిలో బరువుకు మీటరుకు సుమారు 3.4 జౌళ్ళు ఖర్చవుతాయి. ఆ పరిశోధన ఇచ్చిన సమీకరణం ప్రకారం 10 శాతం ఎక్కేవాలులో ఈ ఖర్చు ఒకటిన్నర రెట్లకు పైగా, 20 శాతం వాలులో సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. 45 శాతం వాలులో అది దాదాపు 18.9 జౌళ్ళకు, అంటే ఐదున్నర రెట్లకు చేరుతుంది.

ఈ అంకెల సారాంశం ఒక్కటే. చదునులో పట్టుకున్న వేగాన్నే ఎక్కేవాలులోనూ నిలుపుకోవాలని ప్రయత్నించే పరుగరి తన శ్రమను రెట్టింపు చేసుకుంటున్నాడు. గడియారంలో వేగం సమంగానే కనబడుతుంది. లోపల మాత్రం నిల్వ వేగంగా కరిగిపోతుంది. కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థ రూపంలో దాచుకున్న శక్తి సుమారు 2,000 కిలోకేలరీలు. శ్రమ తీవ్రత పెరిగేకొద్దీ శరీరం కొవ్వును తక్కువగా, ఈ నిల్వను ఎక్కువగా వాడుకుంటుంది. మొదటి గుట్ట మీద చూపిన దూకుడుకు చివరి గుట్ట మీద మూల్యం చెల్లించవలసి రావడానికి కారణం ఇదే.

4. నడక ఓటమి కాదు

పరుగు పోటీలో నడవడాన్ని చాలామంది కొత్తవారు అవమానంగా భావిస్తారు. పాఠశాల మైదానంలో నడిచినవారిని ఓడినవారిగా లెక్కించే అలవాటు దీనికి మూలం. కొండదారిలో ఈ భావన చెల్లదు. మినెట్టి బృందం కొలతల ప్రకారం 45 శాతం వాలులో పరుగుకు 18.9 జౌళ్ళు ఖర్చైతే నడకకు 17.3 జౌళ్ళే చాలు. నిటారు వాలులో పరుగెత్తేవారికీ, వడిగా నడిచేవారికీ వేగంలో తేడా కొద్దిపాటిదే. శ్రమలో తేడా ఎక్కువ. ప్రపంచ స్థాయి కొండ పరుగరులు కూడా నిటారైన చోట చేతులను తొడల మీద ఆనించి నడుస్తారు.

ఎప్పుడు నడకకు మారాలన్నది అసలు ప్రశ్న. ఆయాసం ముంచుకొచ్చాక నడవడం ఆలస్యమే అవుతుంది. ఆయాసం రాకముందే మారాలి. దీనికి వాడుకలో ఉన్న సులభమైన కొలమానం మాట. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం పలకగలిగితే శ్రమ అదుపులో ఉన్నట్లు. రెండు మూడు మాటలకే ఊపిరి తెగిపోతుంటే హద్దు దాటినట్లు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు అంకెల శ్రమానుభూతి కొలబద్ద ఈ స్వీయ పరిశీలనకే శాస్త్రీయ రూపం. గుండె వేగాన్ని చూపే చేతి గడియారం లేని విద్యార్థికి కూడా ఈ కొలమానాలు అందుబాటులో ఉంటాయి.

నడిచేటప్పుడు పాటించవలసిన మెలకువలు కొన్ని ఉన్నాయి. అంగ చిన్నది చేయాలి. చూపు శిఖరం మీద కాక నాలుగైదు అడుగుల ముందు నిలపాలి. నడుము వద్ద వంగి ఊపిరితిత్తులను అదమకుండా, చీలమండల నుంచి శరీరమంతా కొద్దిగా ముందుకు వాలాలి. గుట్ట తల మీదికి చేరగానే ఆగిపోకూడదు. కొద్ది దూరం మెల్లగా సాగి ఊపిరి కుదుటపడ్డాక పరుగు అందుకోవాలి.

5. దిగుడు: ఊరికే రాని లాభం

ఎక్కడం కష్టం, దిగడం సులభం అన్నది లోకానుభవం. ఊపిరి దృష్టితో చూస్తే ఇది నిజమే. మినెట్టి కొలతల్లో 20 శాతం దిగేవాలు దగ్గర పరుగు వ్యయం కనిష్ఠంగా, చదును వ్యయంలో దాదాపు సగంగా తేలింది. అయితే వాలు అంతకంటే నిటారైతే వ్యయం మళ్ళీ పెరుగుతుంది. 45 శాతం దిగేవాలులో అది సుమారు 3.9 జౌళ్ళు, అంటే చదును కంటే ఎక్కువే. శరీరాన్ని పడిపోకుండా ఆపడం కూడా పనే.

కండరాల దృష్టితో చూస్తే దిగుడు ఇంకా ఖరీదైనది. దిగేటప్పుడు తొడ ముందరి కండరాలు సాగుతూనే బిగుసుకోవాలి. ఈ రకమైన పని కండర తంతువులలో సూక్ష్మమైన చీలికలు కలిగిస్తుంది. మరునాడు, ఆ మరునాడు మెట్లు దిగలేనంత నొప్పి రావడానికి కారణం ఇదే. పొడవైన పోటీలో ఆ నొప్పి రేపటి దాకా ఆగదు. మొదటి దిగుడులో అదుపులేకుండా దూకినవారికి చివరి దిగుడులో తొడలు సహకరించవు. మోకాళ్ళు వణకడం, కాలు మడతపడడం అప్పుడే మొదలవుతాయి.

ఎండిన టేకు ఆకుల కింద రాయి ఉన్నదో, గుంట ఉన్నదో తెలియని దారిలో దిగేవారికి కావడి మోసేవారి అడుగే ఆదర్శం. చిన్న అంగలు, వేగమైన అడుగులు, కొద్దిగా వంగిన మోకాళ్ళు, సమతూకానికి పక్కలకు చాచిన చేతులు. మడమను ముందుకు చాచి బ్రేకు వేసినట్లు ఆపుకోవడం తొడలకూ మోకాళ్ళకూ చేటు. శుభవార్త ఏమిటంటే ఈ నష్టాన్ని శరీరం త్వరగా నేర్చుకుంటుంది. ఒకసారి దిగుడు సాధన చేసిన కండరాలు కొన్ని వారాల వరకు అదే పనికి తక్కువగా దెబ్బతింటాయి. అందుచేత ఎక్కే సాధన మాత్రమే చేసి దిగే సాధన మానేయడం కొత్తవారు చేసే పెద్ద పొరపాటు.

6. అంచెలంచెలుగా

‘అంచెలంచెలుగా’ అనే మాట నేడు క్రమక్రమంగా అనే అర్థంలో వాడుకలో ఉన్నది. అంచె అంటే ఒక మజిలీ. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఉత్తరం మారే చోటు. కన్నడంలో తపాలాకు నేటికీ అంచె అనే పేరు. అడవులు, కొండలు దాటి ఉత్తరాల సంచి మోసిన తపాలా పరుగరులు మొత్తం దూరాన్ని ఒక్కరే మోయలేదు. ఎవరి అంచెను వారు పూర్తిచేశారు. పోటీలో మనిషి మారడు గాని దూరాన్ని అంచెలుగా చూసే పద్ధతి పనికి వస్తుంది.

ఒక ఊహాత్మక మార్గాన్ని తీసుకుందాం. దూరం 20 కిలోమీటర్లు, మొత్తం ఎక్కవలసిన ఎత్తు 800 మీటర్లు, గడువు 4 గంటలు. ఒక విద్యార్థి చదునులో మాట్లాడుతూ కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున పరుగెత్తగలడు. దూరాన్ని మాత్రమే చూస్తే 160 నిమిషాల్లో పూర్తవుతుందని అనుకుంటాడు. ఆ అంచనాను వెంబడించడమే అతని పతనానికి దారితీస్తుంది. 100 మీటర్ల ఎత్తుకు 800 మీటర్ల చొప్పున కలిపితే అతడు చేయవలసిన శ్రమ 26.4 కిలోమీటర్లతో సమానం. 8 నిమిషాల చొప్పున అది సుమారు 211 నిమిషాలు, అంటే 3 గంటల 31 నిమిషాలు. గడువుకు 29 నిమిషాల వెసులుబాటు మిగులుతుంది.

ఇప్పుడు దీనిని మూడు అంచెలుగా విభజించవచ్చు. మొదటి అంచె 6 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎత్తు. దీనికి సుమారు 74 నిమిషాలు. రెండవది గుట్టల నెత్తి మీద ఎగుడుదిగుడుగా 8 కిలోమీటర్లు, 250 మీటర్ల ఎత్తు. దీనికి 80 నిమిషాలు. మూడవది ప్రధానంగా దిగుడు, 6 కిలోమీటర్లు, మధ్యలో 150 మీటర్ల ఎత్తు. దీనికి 58 నిమిషాలు. మొదటి అంచెలో కిలోమీటరుకు 12 నిమిషాలకు పైగా పడుతుంది. మూడవ అంచెలో 10 నిమిషాల లోపే. గడియారం దృష్టిలో ఇది అస్థిర వేగం. శ్రమ దృష్టిలో మాత్రం ఆద్యంతం ఒకే నిలకడ.

ఈ లెక్కలో దిగుడు వల్ల కలిగే లాభాన్ని కలపలేదు. రాళ్ళ వల్ల, వాగు దాటడం వల్ల, నీళ్ళు నింపుకోవడం వల్ల పోయే కాలం దానిని మింగేస్తుంది కాబట్టి రెండూ చెల్లుకు చెల్లు అని భావించడం క్షేమం.

7. నిదానం, ఆలస్యం

తెలుగులో ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత ఎంత ప్రసిద్ధమో ‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ అంతే ప్రసిద్ధం. పైకి చూస్తే ఇవి పరస్పర విరుద్ధాలు. కొండదారి పోటీలో రెండూ ఒకేసారి వర్తిస్తాయి. దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ మారథాన్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 90 కిలోమీటర్ల కొండ రహదారి పరుగు అది. గడువు 12 గంటలు. గడువు తీరగానే అధికారి పరుగరుల వైపు వీపు తిప్పి నిలిచి తుపాకీ పేలుస్తాడు. ఆ క్షణానికి గీతకు ఒక అడుగు ఇవతల ఉన్నవారికి కూడా పతకం దక్కదు. మొదటి కొండల మీద తొందరపడినవారూ, అతిగా తాత్సారం చేసినవారూ అక్కడ ఒకే తీరుగా నష్టపోతారు.

నిదానం అనే సంస్కృత పదానికి మూలకారణం అని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడం నిదానం. మాధవ నిదానం అనే గ్రంథనామంలో ఉన్నది ఈ అర్థమే. తెలుగు వాడుకలో అదే మాట తొందరపాటు లేకపోవడాన్ని సూచిస్తుంది. గమన నియంత్రణలో ఈ రెండర్థాలూ కలుస్తాయి. తగ్గించుకోవడం ఒక్కటే నిదానం కాదు. ఎందుకు తగ్గించాలో తెలుసుకోవడం అందులో మొదటి భాగం. అడుగు బరువెక్కితే కారణం ఆకలా, దాహమా, వేడా, తొందరగా మొదలుపెట్టడమా అని పరుగరి తనను తాను పరీక్షించుకోవాలి. ఆకలైతే తినాలి. వేడైతే వేగం తగ్గించి నీడ పట్టాలి. తొందర వల్ల వచ్చిన అలుపైతే నడవాలి. ఉత్తి విసుగైతే తరువాతి అంచె వరకు సాగిపోవాలి. కారణం తెలియకుండా చేసే తగ్గింపు ఆలస్యం, కారణం తెలిసి చేసే తగ్గింపు నిదానం.

8. ఎండ, నీరు, ఆహారం

భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలు రాష్ట్రంలోని అత్యుష్ణ ప్రాంతాలలో ఉన్నాయి. వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరే రోజులు ఇక్కడ అరుదు కాదు. పని చేసే కండరాలు నాలుగింట మూడు వంతుల శక్తిని వేడిగానే విడుదల చేస్తాయని పైన చూశాం. ఆ వేడిని చెమట మోసుకుపోవాలి. గోదావరి తీరపు ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట శరీరాన్ని చల్లబరచదు. అందుచేత ఎండలో అదే వేగానికి ఎక్కువ శ్రమ అవుతుంది. గడియారాన్ని పక్కనపెట్టి శ్రమను నమ్మడానికి ఇది మరొక కారణం. వేడికి శరీరం అలవాటుపడడానికి 10 నుంచి 14 రోజుల క్రమసాధన అవసరం. తునికాకు కోసేవారు పొద్దెక్కకముందే పని ముగించే పద్ధతిని పోటీల నిర్వాహకులూ, నియామక సంస్థలూ పాటించడం మేలు.

నీటి విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తాగకపోతే వడదెబ్బ. దాహం లేకున్నా లీటర్ల కొద్దీ వట్టి నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తికమక, మూర్ఛ కలగవచ్చు. దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగడం, ఉప్పు కలిసిన పానీయాలు తీసుకోవడం క్షేమం. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇందుకు సరిపోతాయి. గంటన్నర దాటే పోటీలో ఆకలి వేయకముందే అరటిపండు, బెల్లం, ఖర్జూరం వంటివి కొద్దిగా తినడం మొదలుపెట్టాలి. పోటీ రోజున కొత్త ఆహారం, కొత్త బూట్లు వాడకూడదన్నది అనుభవజ్ఞులందరూ చెప్పే మాట.

9. చర్ల నుంచి ఎవరెస్టు వరకు

ఈ అటవీ సరిహద్దు నుంచి గమన నియంత్రణకు లభించే అత్యున్నత ఉదాహరణ పరుగు కాదు, పర్వతారోహణ. అప్పటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఆ శిఖరం చేరిన బాలికలలో ఆమె అతి పిన్న వయస్కురాలు. నాటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ప్రోత్సాహంతో, పర్వతారోహకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణలో వారు సిద్ధమయ్యారు.

ఆ శిక్షణ క్రమం పరిశీలించదగినది. మొదట భువనగిరి గుట్ట మీద రాతి ఆరోహణ, తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో శిక్షణ, ఆపైన లడఖ్ చలిలో సాధన. ప్రతి దశలోనూ బృందం చిన్నదవుతూ చివరకు ఇద్దరు మిగిలారు. ఇది అంచెలంచెలుగా సాగిన ప్రయాణం. ఎవరెస్టు మీద కూడా ఆరోహకులు నేరుగా పైకి వెళ్ళరు. కొంత ఎత్తుకు ఎక్కి, కిందికి దిగి, శరీరం అలవాటుపడ్డాక మరింత పైకి వెళతారు. పైకి చూస్తే వెనుకడుగుగా కనబడే దిగుడు అక్కడ శిఖరానికి సన్నాహం.

ఏజెన్సీ అంచున పెరిగిన విద్యార్థికి సహజమైన కాలిబలం ఉండవచ్చు. ఆ బలానికి క్రమశిక్షణ, పరికరాలు, ఆహారం, గురువు తోడైనప్పుడే ఫలితం వచ్చిందన్నది ఈ ఉదంతం చెప్పే పాఠం. ఆదివాసీ, దళిత విద్యార్థుల విజయాలను పుట్టుకతో వచ్చిన సత్తువగా మాత్రమే వర్ణించే ధోరణి వారి సాధనను చిన్నబుచ్చుతుంది.

10. ఆగవలసిన చోటు, అడగవలసిన అనుమతి

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండదారి పోటీ జరుగుతుండగా హఠాత్తుగా గడ్డకట్టే వాన, వడగళ్ళు, పెనుగాలి విరుచుకుపడ్డాయి. 21 మంది పరుగరులు చలికి బలయ్యారు. వారిలో పేరుపొందిన అనుభవజ్ఞులూ ఉన్నారు. విరమణ కూడా గమన నియంత్రణలో భాగమే అనడానికి ఇంతకంటే విషాదకరమైన నిదర్శనం అక్కరలేదు. పర్వతారోహకులు వెనుదిరగవలసిన వేళను ముందుగానే నిర్ణయించుకుంటారు. కొండ పరుగరి కూడా బయలుదేరకముందే విరమణ గుర్తులను రాసుకోవాలి. ఎండలో చెమట ఆగిపోవడం, చలి పుట్టడం, మాట తడబడడం, దారి గుర్తుకు రాకపోవడం, ఛాతీలో నొప్పి, మూత్రం ముదురు రంగులో రావడం వీటిలో ముఖ్యమైనవి. అలిసిన మెదడు సరైన నిర్ణయం తీసుకోలేదు కాబట్టే నిర్ణయం ముందుగా జరగాలి.

నిర్వాహకుల బాధ్యత మరొకటి ఉంది. భద్రాచలం ఏజెన్సీ రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ప్రాధాన్యం ఇచ్చాయి. అభయారణ్యంలో ప్రవేశాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నియంత్రిస్తుంది. ఎలుగుబంటి, అడవిదున్న తిరిగే దారిలో అనుమతి లేని పరుగు సాహసం కాదు, తప్పిదం. గూడేల మీదుగా పోటీ సాగేటట్లయితే గ్రామసభ సమ్మతి, స్థానిక యువతకు దారి చూపే బాధ్యత, సమీపంలో వైద్య సదుపాయం అవశ్యకాలు.

11. ముగింపు

కొండదారి పరుగులో గెలుపు మొదటి గుట్ట మీద నిర్ణయం కాదు, ఓటమి మాత్రం తరచుగా అక్కడే నిర్ణయమవుతుంది. ఎక్కేచోట వేగాన్ని వదులుకుని శ్రమను నిలుపుకోవడం, దిగేచోట తొడలను కాపాడుకోవడం, దూరాన్ని అంచెలుగా పంచుకోవడం, శరీరం చెప్పే కారణాన్ని వినడం, అవసరమైతే ఆగడం, ఇవే గమన నియంత్రణలోని ప్రధానాంశాలు. ఇందులో ఖరీదైన పరికరం ఏదీ లేదు. ఏజెన్సీ ప్రాంతపు కళాశాలల్లో తెలుగు, వ్యాయామ విద్య, భౌతికశాస్త్ర అధ్యాపకులు కలిసి ఒక సెమిస్టరులో నేర్పగలిగిన విషయమిది.

నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవవలసిన విద్యార్థికి కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు అన్న అంకె తెలియడం మొదటి మెట్టు. ఆ అంకెను ఎప్పుడు పాటించాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియడం రెండవ మెట్టు. రెండవ మెట్టుకు తెలుగు ఎప్పుడో పెట్టిన పేరు నిదానం.